గ్రహశకలం గారి ప్రయాణ ఏర్పాట్లు

గ్రహశకలం ఒకటి భూమికి దూరంగా, ఎవరికీ ఏ హానీ చెయ్యకుండా, తన దారిన తను వెళ్ళిపోతుందని పేపర్లో ఒక మూల వేశారు. కొండంత ఉంటుందట. చందమామకన్నా బాగా అవతలి నుంచి పోతుందట. మామూలు కంటికి కనిపించను కూడా కనిపించదట. చదివాను. ఆ పేపరే పరిచి దాని మీద కందిపప్పు బాగుచేసుకున్నాను. ప్రమాదం లేదని చెప్పాక ఊరుకోవడం మనుషులకి చేతనవుతుంది. ఆఫీసులకి చేతకాదు.

మావారు మా నందివలస పురపాలక సంఘం ఆఫీసులో సూపరింటెండెంటు. ఇంట్లో కూడా ఫైలు భాషే మాట్లాడతారు. కాఫీలో పంచదార తగ్గితే, “పంచదార విషయం పునఃపరిశీలించవలసి యున్నది” అంటారు. ఆ రోజు సాయంత్రం చెప్పులు విడవకుండానే గుమ్మంలో నిలబడి, “గ్రహశకలం మన ఆఫీసుకొచ్చింది” అన్నారు.

“దూరం నుంచి పోతుందన్నారు కదండీ?”

“రాయి కాదు. కాగితం.”

ఎక్కడో ఆకాశాన్ని కనిపెట్టుకుని ఉండే ఆఫీసు వాళ్ళు, ఫలానా రాయి క్షేమంగా సాగిపోతుంది, ఎవరూ కంగారు పడనక్కరలేదు అని ఒక ప్రకటన పంపారు. అది పై ఆఫీసుకి వెళ్ళింది. పై ఆఫీసు జిల్లాకి పంపింది. జిల్లా మా ఊరికి పంపింది. పంపిన ప్రతివాళ్ళూ అడుగున అలవాటు ప్రకారం ‘సమాచారం మరియు తగు చర్య నిమిత్తం’ అని ఒక ముక్క రాశారు. ఆ ముక్క లేకుండా ఆఫీసుల్లో కాగితం కదలదు. ఎవరైనా పెద్దమనిషి పోయారని సంతాపం వచ్చినా దాని కిందా అదే ఉంటుంది. పాత కమిషనర్లు ఆ ముక్క చూసి కాగితాన్ని పేపర్‌వెయిట్ కింద పెట్టేవారు. కొత్తగా వచ్చిన పరంజ్యోతి గారు మాత్రం కాగితాన్ని చివరిదాకా చదివే మనిషి.

“తగు చర్య అన్నారు. ఏ చర్యో చెప్పలేదు. అనగా మన విజ్ఞతకి వదిలారు,” అని ఆయన ఆ మధ్యాహ్నమే మీటింగు పెట్టారు.

కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పే మేష్టారిని కూడా పిలిపించారట. ఆయన నిలబడి, “అయ్యా, అది మన ఊరికి లక్షల కిలోమీటర్ల దూరంలో...” అని మొదలెట్టగానే కమిషనర్ గారు పురపాలక సంఘం పటం తెప్పించి బల్ల మీద పరిచారు. తూర్పున కాలవ, పడమర రైలు కట్ట, ఉత్తరాన రైసు మిల్లు, దక్షిణాన శ్మశానం.

“పైకి హద్దేమిటి?” అని అడిగారు.

ఆయనే పటం నాలుగు అంచులా వేలు పెట్టి చూశారు.

“రాయలేదు. రాయలేదంటే లేదు. హద్దు లేదంటే ఎంత పైకి వెళ్ళినా నందివలసే. మన పరిధిలోంచి పోయేదాన్ని మనమే క్షేమంగా పంపాలి.”

మేష్టారు టీ తాగి వెళ్ళిపోయారట.

ఆ తరవాత, పూర్వం ఇలాంటి సందర్భం ఏదైనా ఉందా అని ప్రశ్న వచ్చింది. ఆఫీసులో ఏ పనికైనా ముందు పాత ఫైలు కావాలి. ఉంది. ఆ మధ్య ఒక చాలా పెద్దాయన పక్క ఊళ్ళో ఏదో ప్రారంభించడానికి మా ఊరి మీదుగా వెళ్ళారు. ఆగలేదు. కారు అద్దం దించలేదు. ఆయన కోసం గోడలకి రంగులు వేశారు, తోపుడు బళ్ళు తీయించారు, కుక్కల్ని పట్టించారు, మేడల మీదకి ఎవర్నీ ఎక్కనివ్వలేదు. ఆ ఫైలు తీసి చూస్తే అన్నీ సరిపోయాయట. రాబోయేవారు గొప్పవారు. వేగంగా పోతారు. ఆగరు. అర్జీలు పుచ్చుకోరు.

“పేరొక్కటే మార్చాం,” అన్నారు మావారు, కాస్త గర్వంగానే. “ముందున్న ‘శ్రీ’, వెనకున్న ‘గారు’ అలాగే ఉంచేశాం. తీస్తే అమర్యాదగా ఉంటుందని.”

మర్నాడే ఏర్పాట్లు మొదలవ్వాలట. గోడలకి రంగులు వెయ్యాలి. చూసేవారు పైనుంచి చూస్తారు కాబట్టి పిట్టగోడల నెత్తి మీద మాత్రమే వెయ్యాలి. దారిలో గుంతలు లేవని ఇంజనీరింగ్ విభాగం ధ్రువీకరించాలి. ఆకాశంలో గుంతలు లేవని మా ఊరి ఇంజనీరు గారు అక్కడికక్కడే సంతకం పెట్టేశారట. ఆయన సర్వీసు మొత్తంలో నిజం చెప్పిన సర్టిఫికెట్టు అదొక్కటేనని ఆఫీసులో అనుకున్నారు.

ఇక దారి. పటంలో తూర్పు నుంచి పడమరకి తిన్నగా పోయే వీధి మాదే. కాబట్టి గ్రహశకలం గారు మా వీధి మీదుగా వెళ్తారు. రేపు పొద్దుట నుంచి ప్రయాణం ముగిసేదాకా మా వీధి మేడల మీద బట్టలు ఆరవెయ్యకూడదు, మంచాలు వెయ్యకూడదు, తినుబండారాలు ఎండబెట్టకూడదు.

చివరి మాట వినగానే నా చేతిలో చేట ఆగిపోయింది. వెనక వాటాలోంచి ఠప్ ఠప్ మని గుమ్మడికాయ తరిగే చప్పుడు వినిపిస్తోంది.

*

వెనక వాటాలో హైమవతి ఉంటుంది. మొగుడు పోయాక అన్నగారింట్లో ఏళ్ళ తరబడి వంట చేసింది. అన్నగారు చెడ్డవాడేం కాదు. చెల్లెల్ని పనిమనిషి అని ఎప్పుడూ అనలేదు. పనిమనిషిని పెట్టుకోలేదు, అంతే. నిరుడు ఏమనుకుందో ఏమో, ట్రంకు పెట్టె పట్టుకుని మా వాటాలో దిగింది. అప్పడాలు, వడియాలు పెట్టి అమ్ముకుంటానంది. అన్నగారు మాత్రం, “వైశాఖం వెళ్ళేదాకా చూస్తాను. నీ కాళ్ళ మీద నువ్వు నిలబడ్డావా, సరే. లేకపోతే నోరు మూసుకుని వచ్చెయ్యి. అసలే మీ వదినకి నడుం నెప్పి” అన్నాడు. అప్పట్నుంచి ఆ నడుం నెప్పి గురించి ప్రతి ఆదివారం ఫోన్లో కబురు వస్తూనే ఉంది.

వైశాఖంలో పడ్డాక ఆమెకో దారి దొరికింది. సత్రంలో పెళ్ళివంటలు చేయించే భద్రయ్య గారు, “ఓ విడత బూడిద గుమ్మడి వడియాలు పెట్టివ్వండమ్మా. నచ్చితే ఏడాది పొడుగునా మీ దగ్గరే” అన్నారు. ఆ విడత కోసమే గుమ్మడికాయలు. అప్పటికే సగం ముక్కలు ఉప్పు చల్లి, గుడ్డలో మూటకట్టి, పైన రోలు ఎత్తి పెట్టింది. మినప్పప్పు నానుతోంది. వడియాల పిండికి వాయిదా ఉండదు. రేపు పొద్దున్న పెట్టకపోతే మధ్యాహ్నానికి పులుస్తుంది, సాయంత్రానికి పారబొయ్యాలి. మళ్ళీ అంత సరుకు కొనే శక్తి ఆమెకి లేదు.

నేను వెళ్ళి చెప్పాను. కత్తిపీట మీద చెయ్యి అలాగే ఉంచి విన్నది.

“రాయి ఆకాశంలో పోతుంటే నా వడియాలేం చేశాయి అక్కయ్యగారూ?”

“ఏం చెయ్యలేదు. పాత ఫైల్లో అలా ఉందిట.”

“బావగారు మనవాళ్ళే కదండీ, ఆ ముక్క కొట్టెయ్యలేరా?”

వాకిట్లోంచి మావారు, “ఆమోదం పొందిన ముసాయిదాలో అక్షరం మార్చుటకు నాకు అధికారం లేదు” అన్నారు. మళ్ళీ మామూలు గొంతుతో, “పొద్దున్నే ఆఫీసుకి రండి. అడిగి చూద్దాం” అన్నారు.

*

కమిషనర్ గారి గదిలోకి మేం వెళ్ళేసరికి ఆయన పక్కన శానిటరీ ఇన్‌స్పెక్టర్ వీర్రాజు నిలబడి ఉన్నాడు. మేడల మీద ఏమీ లేకుండా చూసే బాధ్యత అతనిది. తెల్లారకముందే ఒక పరుపూ, రెండు చీరలూ స్వాధీనం చేసుకుని వచ్చాడు.

హైమవతి గుక్క తిప్పుకోకుండా చెప్పింది. కమిషనర్ గారు కళ్ళు మూసుకుని విన్నారు.

“అమ్మా, మీ ఆవేదన ఈ కార్యాలయం దృష్టికి వచ్చింది. దృష్టికి వచ్చినంత మాత్రాన అంగీకరించినట్లు కాదు. గ్రహశకలం గారు పైనుంచి చూసినప్పుడు ఏం కనిపించాలి? ఒక క్రమశిక్షణ గల పట్టణం కనిపించాలి. మీ వడియాలు కనిపిస్తే మన గౌరవం ఏం కావాలి?”

“రాయికి కళ్ళుంటాయాండీ?”

“లేవని మనకెవరూ లిఖితపూర్వకంగా తెలియజేయలేదు.”

“పిండి పులిసిపోతుందండి బాబూ. ఇది పోతే నేను మళ్ళీ మా అన్నయ్య ఇంటికి పోవాలి.”

“అన్నగారి ఇల్లు ఉండటం సంతోషదాయకం,” అన్నారు కమిషనర్ గారు.

అప్పుడే మావారు ఇంకో కాగితం పట్టుకుని లోపలికి వచ్చారు. అదీ పైనుంచి వచ్చిందే. ప్రభుత్వ కార్యక్రమాల్లో ప్లాస్టిక్ ఫ్లెక్సీలు వాడరాదని. కమిషనర్ గారి ముఖం వాడిపోయింది. మా మేడ మీద ఆకాశం వైపు తిప్పి పరచడానికి ‘శుభ ప్రయాణం’ అని పొడుగాటి ఫ్లెక్సీ ఒకటి అప్పటికే చేయించమని చెప్పి ఉన్నారు. పాత ఫైల్లో ఫ్లెక్సీ ఉంది. కొత్త కాగితంలో ఫ్లెక్సీ లేదు. రెండూ పైనుంచి వచ్చినవే.

“ముగ్గుతో రాయిద్దామండి,” అన్నాడు వీర్రాజు.

“వైశాఖం గాలి. ముగ్గు నిలుస్తుందా?”

“సున్నంతో?”

“ఇంటివాళ్ళు కోర్టుకి వెళ్తారు,” అన్నారు మావారు. ఆ ఇంటివాళ్ళు మేమే.

హైమవతి ఒక్క అడుగు ముందుకి వేసింది.

“నేను రాస్తానండి.”

“ఏమిటి?”

“అక్షరాలండి. తెల్లగా ఉంటాయి. గాలికి లేవవు. ఎండ తగిలేకొద్దీ గట్టిపడతాయి. పనయ్యాక తీసేస్తే మేడకి మరకుండదు.”

“ఏ పదార్థంతో?”

ఆమె నావైపు చూసింది. నేను మావారి వైపు చూశాను. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ ఫైలు భాష భరిస్తున్నాను. దానికి ప్రతిఫలం ఉంటే అది ఇవాళే రావాలనిపించింది. మావారు గొంతు సవరించుకున్నారు.

“మినుము ఆధారిత, సౌరశక్తిచే స్వయముగా ఘనీభవించు శ్వేతాక్షర నిర్మాణం సార్. పర్యావరణహితం. మహిళా భాగస్వామ్యం కూడా చూపించుకోవచ్చు.”

కమిషనర్ గారు ఆ వాక్యాన్ని మెల్లగా నెమరువేశారు.

“ప్లాస్టిక్ ఏమైనా కలుస్తుందా?”

“లేదండి, బూడిద గుమ్మడి కలుస్తుందండి,” అంది హైమవతి.

“మంచిదే. దిష్టికి కూడా.”

వీర్రాజు వెర్రివాడు కాదు. “అంటే వడియాలే కదండీ?” అన్నాడు.

కమిషనర్ గారు అతన్ని జాలిగా చూశారు. “వీర్రాజు గారూ, ఎవరో ఎండబెట్టుకుంటే వడియం. మనం ఆర్డరిస్తే అక్షరం. తేడా గమనించాలి.”

*

ఎండెక్కేసరికి మా మేడ మీద నా పాత నల్లచీరలు, ఆకుపచ్చ చీరలు తడిపి పరిచాం. ఎదురింటి మంగతాయారు పిన్నిగారు, ఇంకో నలుగురు ఆడవాళ్ళు వచ్చారు. ఆ పొద్దున్న దాకా ఎవరి మేడ మీద ఏం ఉంటే వీర్రాజు ఎత్తుకుపోతాడోనని హడిలిపోయిన వీధి వీధంతా, అక్షరాలు పెట్టడానికంటే మేమొస్తాం మేమొస్తామని చేతులు కడుక్కుని వచ్చింది. నేను సుద్దతో గీతలు గీశాను. వాళ్ళు గీతల మీద వడియాలు పెట్టుకుంటూ పోయారు. ‘శుభ ప్రయాణం’ అయిపోయింది. చూస్తే రెండు గిన్నెల పిండి ఇంకా నిండుగా ఉంది.

“ఇంత పిండికి ఈ రెండు ముక్కలూ ఏ మూలకి అక్కయ్యగారూ?” అంది హైమవతి నీరసంగా.

“పెద్ద పెద్ద అక్షరాలు పెట్టాల్సిందే,” అంది పిన్నిగారు. “లేకపోతే ఆ రాయికి ఇంకో నాలుగు మాటలు చెప్పు. కాఫీ తాగి వెళ్ళమను.”

హైమవతి ఆలోచించింది. తలుపు దగ్గర గొడుగు వేసుకుని కాపలా కాస్తున్న వీర్రాజు దగ్గరికి వెళ్ళింది.

“ఇన్‌స్పెక్టర్ గారూ, శుభ ప్రయాణం అన్నాం, బానే ఉంది. ఎవరంటున్నారో రాయొద్దాండీ? పేరులేని శుభాకాంక్ష ఆకాశరామన్న ఉత్తరంలా ఉండదూ?”

వీర్రాజు వెంటనే ఫోను చేశాడు. స్పీకరు పెట్టాడు. “సార్, పైన ఇంకా స్థలం ఉందండి. తమరి పేరు కూడా...”

అవతల కాసేపు చప్పుడు లేదు. వినయం ప్రదర్శించేవాడు తీసుకునేంత వ్యవధి అది.

“ప్రచారం నాకు ఇష్టం ఉండదు. కానీ ప్రజలు బలవంతం చేస్తే తప్పదు కదా. ‘శ్రీ’ పెద్దదిగా పెట్టండి. పేరు తరవాత ఎం.ఎ., బి.ఎల్. అని ఉండాలి. గ్రంథాలయ శాస్త్రంలో డిప్లొమా కూడా ఉంది, రాసుకోండి. ‘కమిషనర్’ ముందు ‘గౌరవ’ అని ఉంటే అభ్యంతరం లేదు.”

హైమవతి చేతులు చకచకా ఆడాయి. ‘పురపాలక సంఘం’ దగ్గర ఒక గిన్నె ఖాళీ అయింది. డిప్లొమా దగ్గర రెండోది అడుగంటింది. చివర ‘గారు’కి గిన్నె తుడిచి పెట్టాల్సి వచ్చింది.

“ఈయన ఇంకో పరీక్ష ప్యాసయ్యుంటే పిండి చాలేది కాదే అమ్మాయీ,” అంది పిన్నిగారు.

వడియాలు పెట్టడం కన్నా వాటిని కాకుల నుంచి కాపాడటం కష్టం. ఏటా ఆ కాపలా నాకే పడుతుంది. ఈసారి ప్రభుత్వం ఆ పని చేసింది. వీర్రాజు గొడుగు మూసి, తెరిచి, ఝళిపించి, “కమిషనర్ గారి ఇంటిపేరు మీద వాలిందండి! హుష్! డిప్లొమా దగ్గరికెళ్ళింది, అటు చూడండమ్మా!” అని ఆ కొసనుంచి ఈ కొసకి పరుగులు పెట్టాడు. మర్నాడు పొద్దున్న గుడ్డమీంచి వడియాలు ఊడదీసి తిరగెయ్యబోతే మాత్రం ఒప్పుకోలేదు. అక్షరం బోర్లా పడుతుందన్నాడు. తిరగెయ్యకపోతే అడుగున బూజు పడుతుంది, కమిషనర్ గారి పేరుకి బూజు పట్టిందంటే బావుంటుందా అని హైమవతి అడిగింది. చివరికి ఎక్కడి వడియం అక్కడే, ఒక్కొక్కటీ తిరగేశాం. వీర్రాజు ‘శ్రీ’ని తన స్వహస్తాలతో తిరగేశాడు.

ఆ రోజే ప్రయాణం. మిట్టమధ్యాహ్నం అన్నారు. ఆ సమయానికి ఎవరూ వీధిలో ఉండకూడదు, కుక్కరు కూత వెయ్యకూడదు. నేను పొయ్యి కట్టేసి కూర్చున్నాను. సైరను మోగింది. కమిషనర్ గారు ఆఫీసు మేడ మీద నిలబడి ఆకాశానికి సెల్యూట్ చేశారట. ఏమీ కనిపించలేదు. ఏమీ వినిపించలేదు. మళ్ళీ సైరను మోగింది.

“వెళ్ళిపోయారు,” అన్నాడు వీర్రాజు మేడమీంచి, పెళ్ళికూతుర్ని సాగనంపినవాడిలా.

సాయంత్రం పత్రికలకి ప్రకటన ఇచ్చారు. గ్రహశకలం గారి ప్రయాణం దిగ్విజయంగా ముగిసిందనీ, పురపాలక సంఘం తీసుకున్న ముందస్తు చర్యల వల్ల ఎలాంటి ఢీకొనుటా సంభవించలేదనీ, నందివలస పరిధిలో భూమి యథాస్థానంలో ఉన్నదనీ. వీధి చివర అరటిపళ్ళ బండి అబ్బులు మాత్రం, బండి తీయించిన దగ్గర్నుంచి పళ్ళన్నీ నల్లబడిపోయి కాలవలో పారబోసుకున్నాడు. అది ప్రకటనలో రాలేదు. అది నష్టం కింద రాదట. పళ్ళు ఢీకొనలేదు కదా.

*

మూడోనాడు ఇంకో కాగితం వచ్చింది. మా ఊరి విజయం విని, జిల్లా నుంచి పర్యవేక్షణాధికారి గారు స్వయంగా చూడటానికి వస్తున్నారు. అంతవరకు ఏర్పాట్లన్నీ యథాతథ స్థితిలో ఉంచవలెను.

మధ్యాహ్నం దాటగానే పడమటి నుంచి గాలి లేచింది. రైలు కట్ట అవతల ఆకాశం కాటుకలా నల్లబడింది. వైశాఖంలో వచ్చే గాలివాన మా అందరికీ తెలుసు. చెప్పి రాదు, వచ్చాక ఆగదు. వడియాలు లోపల ఇంకా కాస్త పచ్చిగానే ఉన్నాయి. ఇప్పుడు తడిస్తే ముద్దే.

హైమవతి పళ్ళేలు పట్టుకుని మేడెక్కింది. వీర్రాజు గొడుగు అడ్డం పెట్టాడు.

“యథాతథం అన్నారండమ్మా. నన్ను సస్పెండ్ చేస్తారు.”

“వాన వచ్చేస్తోందయ్యా!”

“వాన గురించి ఆర్డరు లేదండి.”

“నీకు దణ్ణం పెడతాను. ఇవి పోతే నా బతుకు మా వదిన నడుం దగ్గరికి పోతుంది.”

వీర్రాజు ముఖం అదోలా అయింది. రెండు రోజులుగా కాకుల్ని తోలినవాడు. ఎంత కాదనుకున్నా వడియాల మీద మమకారం పుడుతుంది. ఫోను చేశాడు. కమిషనర్ గారు ఎక్కడో సన్మానంలో ఉన్నారు. దండలు వేస్తున్న చప్పుడు వినిపించింది.

“సార్, వాన వస్తోందండి. అక్షరాలు తియ్యమంటారా?”

“యథాతథ స్థితి అంటే అర్థం తెలుసునా? పై అధికారి వచ్చేదాకా ఒక్క చుక్క, ఒక్క పొల్లు కదలరాదు.”

హైమవతి అతని చేతిలో ఫోను లాక్కుంది. “అయ్యా, నేనండి, అక్షరాలు రాసినదాన్ని. వాన పడితే ‘శుభ ప్రయాణం’ అటు మూలనుంది, అది నిలుస్తుందండి. తమరి పేరు తూము దగ్గర పెట్టాం. ముందు మీ ఇంటిపేరు నాని జారుతుంది. తరవాత పేరు. పెద్దాఫీసరు గారు వచ్చేసరికి ‘గౌరవ’ ఒక్కటీ మిగిలి, మిగతా అంతా తూములోంచి మురిక్కాలవలోకి పోతుందండి. ఆ పైన మీ ఇష్టం.”

దండల చప్పుడు ఆగిపోయింది.

“నన్ను... నా పేరును ముందు లోపలికి తీసుకెళ్ళండి,” అన్నారు కమిషనర్ గారు. “మెల్లగా.”

మేం అందరం ఒక్కసారి పడ్డాం. చీరల కొసలు పట్టి ఎత్తి, పళ్ళేల్లోకి, చేటల్లోకి దులిపి, మెట్ల మీంచి పరుగులు. పిన్నిగారు ఆయాసపడుతూ, “ఎం.ఎ. నా దగ్గరుంది! బి.ఎల్. ఎవరు పట్టుకున్నారే?” అని కేక. వీర్రాజు గొడుగు గాలికి ఎగిరిపోయింది. అతను పట్టించుకోకుండా ‘శ్రీ’ని తన తువ్వాల్లో మూటగట్టి, గుండెకి హత్తుకుని దిగాడు. ఆఖరి పళ్ళెం గుమ్మం దాటాక వాన పడింది. మా ముందుగదిలో మంచాల మీద, కుర్చీల మీద, ఫ్యాను కింద, ఎక్కడ చూసినా కమిషనర్ గారే.

*

రెండు రోజుల తరవాత పర్యవేక్షణాధికారి గారు వచ్చేసరికి బాగా ఎండ కాసింది. వడియాలు మళ్ళీ ఎండి, గలగలలాడుతూ డబ్బాల్లోకి వెళ్ళాయి. ఆయన మేడెక్కి, కడిగినట్టున్న గచ్చు చూసి, “అక్షరాలేవి?” అన్నారు.

“కింద భద్రపరిచాం సార్,” అన్నారు కమిషనర్ గారు.

మా ముందుగదిలో ఆయన ముందు ఒక పళ్ళెంలో గుప్పెడు పోసి పెట్టాను. కళ్ళజోడు సవరించుకుని చూశారు.

“ఇందులో ఏది ఏమిటి?”

“పచ్చివి అంత తెలియవండి. వేయిస్తే తెలుస్తాయి,” అంది హైమవతి, లోపలికి వెళ్తూ.

వంటింట్లో నూనె మరిగే వాసన ముందుగదికి రాగానే ఇద్దరు అధికారులూ నిటారుగా కూర్చున్నారు. మొదటి వాయి వెళ్ళింది. పెద్దాయన ఒకటి నోట్లో వేసుకుని చాలాసేపు పరిశీలించారు. ఇంకోటి పరిశీలించారు.

“స్పష్టంగానే ఉంది. కొంచెం పప్పుచారు ఉంటే ఇంకా బాగా అర్థమవుతుంది.”

పప్పుచారు కూడా పెట్టాను. కమిషనర్ గారు పళ్ళెంలోకి దిగులుగా చూస్తూ, “అది నా డిప్లొమా అనుకుంటాను” అన్నారు. హైమవతి ‘గారు’, డిప్లొమా తప్ప మిగతావి బయటికి తియ్యలేదని నాకు తెలుసు.

పెద్దాయన చెయ్యి కడుక్కున్నారు. “చాలా సంతృప్తికరం. ఇలాంటిది రాష్ట్రంలో ఎక్కడా జరగలేదు. మిగతా అక్షరాలన్నీ సీలు వేసి జిల్లాకి పంపండి. శాశ్వతంగా భద్రపరుద్దాం.”

వంటింటి గుమ్మంలో హైమవతి గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయింది. భద్రయ్య గారి మనిషి సాయంత్రం వస్తానన్నాడు. వానని తప్పించింది, కాకుల్ని తప్పించింది. సీలుని తప్పించడం ఎవరి తరం?

“అయ్యా,” అంది. “ఊరెళ్ళేవాళ్ళకి కట్టిచ్చిన వడియాలు వాళ్ళెళ్ళాక మన దగ్గరుంటాయాండీ? ఉన్నాయంటే ఇవ్వలేదనే కదండీ?”

“ఏమంటోంది ఈమె?”

మావారు లేచి నిలబడ్డారు. ఫైలు తెరిచారు. పై అధికారి ఎదుట మావారి గొంతు అంత గట్టిగా నేనెప్పుడూ వినలేదు.

“ఆమె మనవి సబబుగా ఉన్నది సార్. ప్రయాణం ముగిసిన రోజున తమకు పంపిన నివేదికలో ‘శుభాకాంక్షలు గ్రహశకలం వారికి అందజేయడమైనది’ అని రాసియున్నాం. తమరి కార్యాలయం ఆమోదించి యున్నది. అందజేసినవి ఇక్కడ ఉండుటకు వీలులేదు. ఉన్నాయని సీలు వేస్తే అందజేయలేదని అర్థం. అందజేయకపోతే శుభాకాంక్షలు లేకుండానే ప్రయాణం జరిగినట్లు. అలా అయితే క్షేమంగా పంపినది ఎవరు అనే ప్రశ్న ఉత్పన్నమగును.”

ఆ ప్రశ్న గదిలో అందరికీ భయం కలిగించింది. కమిషనర్ గారు గబగబా తలూపారు.

“మరి నేను తిన్నదేమిటి?” అన్నారు పెద్దాయన.

“తమరు తనిఖీ చేశారు సార్. తిన్నట్లు రికార్డులో లేదు.”

పెద్దాయన కాసేపు ఆలోచించి, ‘సంతృప్తికరం’ అని రాసి, సంతకం పెట్టి, కారెక్కారు. ఆయన ఆగారు. అద్దం కూడా దించారు. పప్పుచారు చేసినావిడకి అభినందనలు చెప్పమన్నారు.

*

రికార్డుల ప్రకారం ఈ భూమ్మీద లేని ఆ వడియాలు ఆ సాయంత్రం సత్రానికి వెళ్ళాయి. భద్రయ్య గారు ఒక పెళ్ళిలో వడ్డించి, మర్నాడు తానే నడిచి వచ్చారు. “కరకరలాడుతూ భలేగా ఉన్నాయమ్మా. కానీ ఈసారి మరీ పెద్ద పెద్దవి కాకుండా చూడండి. ఒక్కొక్కటి విస్తరిలో సగం ఆక్రమిస్తోంది.”

“అవి ‘శ్రీ’లోవండి. ఇకనుంచి చిన్నవే పెడతాను,” అంది హైమవతి.

ఆదివారం ఆవిడ ఫోను మోగింది. స్పీకర్లో అన్నగారి గొంతు.

“హైమా, వైశాఖం అయిపోవస్తోంది. వడియాలూ గిడియాలూ ఆడుకున్నది చాలు. బండి పంపనా? మీ వదిన పొద్దున్నుంచి వంగలేకపోతోంది.”

అప్పుడే, అర్జంటని ఆదివారం కూడా ఆఫీసుకి వెళ్ళిన మావారు అక్కణ్ణుంచి ఫోను చేసి, ఆకాశం కనిపెట్టేవాళ్ళ దగ్గర్నుంచి కొత్త కాగితం వచ్చిందని నాతో చెబుతున్నారు. ఇలాంటి రాళ్ళు నెలకి ఎన్నో వెళ్తూనే ఉంటాయట, అన్నీ క్షేమంగానే, అన్నిటి కిందా తగు చర్య నిమిత్తమేనట. ఒక్కొక్కదానికీ మేడ మీద కొత్త అక్షరాలు కావాలట. నేను అదే మాట హైమవతికి చేత్తో సైగ చేసి చెప్పాను.

ఆమె మినప్పప్పు కడుగుతున్న చెయ్యి దులుపుకుని ఫోను దగ్గరికి తీసుకుంది.

“వదినకి నడుముకి ఏదైనా నూనె రాయమను అన్నయ్యా. నేనిప్పుడు రాలేను. ఆకాశం ఖాళీ అయ్యాక చూద్దాంలే.”